మళ్లీ డ్రాయింగు పీరియడు

(పాఠశాల స్వర్ణోత్సవాల సందర్భంగా జరిగిన పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. వక్త 1985 పదో తరగతి బ్యాచ్ విద్యార్థి, ఇంజనీరు.)



నెల కిందట మన సంఘం కార్యదర్శి గారు ఫోను చేసి, "నువ్వు ఇంజనీరువి కదా, అందరికీ పనికొచ్చే టెక్నాలజీ గురించి ఓ ఇరవై నిమిషాలు మాట్లాడాలి" అన్నారు. కంప్యూటరు మీద బొమ్మలు వేయడం గురించి మాట్లాడతానన్నాను. అవతల కాసేపు మాట లేదు. "బొమ్మలా?" అన్నారు. "అవునండీ, బొమ్మలే" అన్నాను. ఆయన మంచివారు కాబట్టి సరే అన్నారు. ఇరవై నిమిషాలు దాటితే గంట కొట్టిస్తామని కూడా చెప్పారు.

ఈ విషయమే ఎందుకు ఎంచుకున్నానో ముందు చెప్పాలి. మా రోజుల్లో వారానికి రెండు డ్రాయింగు పీరియడ్లు ఉండేవి. ముందు వరుసలో కూర్చున్న మన డ్రాయింగు మాస్టారు సుద్దముక్కతో బోర్డు మీద ఒక్క గీతలో కుండ గీసేవారు. చెయ్యి ఎత్తేవారు కాదు. మేం నోరు తెరుచుకుని చూసేవాళ్లం. తొమ్మిదో తరగతి వరకూ నాకు తెలిసిన సంతోషం అదే. పదో తరగతిలో ఆ రెండు పీరియడ్లూ లెక్కలకు పోయాయి. ఎవరినీ తప్పు పట్టను. మా నాన్నగారు కూడా "బొమ్మలు కూడు పెడతాయా?" అన్నారు. ఆ రోజుల్లో ఏ నాన్నగారైనా అదే మాట అనేవారు. లెక్కలు నాకు కూడు పెట్టాయి, ఇల్లు కట్టించాయి. కానీ బొమ్మలు ఆగిపోయాయి. ముప్ఫయ్యయిదేళ్లు ఆగిపోయాయి.

ఇంజనీరింగులో డ్రాయింగు ఉంది కదా అంటారేమో. ఉంది. మినీ డ్రాఫ్టరు సంచీలో పెట్టుకుని బస్సెక్కిన వాళ్లు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ట్రేసింగు పేపరు మీద ఇంకు పెన్నుతో గీసేవాళ్లం. గీత తప్పితే బ్లేడుతో గీకాలి. ప్రింటు తీసే గదిలో అమ్మోనియా వాసనకు కళ్లు మండేవి. తరవాత ఆటోక్యాడ్ వచ్చింది, బల్లలన్నీ మూలన పడ్డాయి. నేను కంప్యూటరు మీద వేల గీతలు గీశాను. అందులో ఒక్కటి కూడా నా గీత కాదు. రెండు బిందువులు చెబితే యంత్రం కలిపే గీత అది.

2020లో బడులు మూతపడ్డప్పుడు మా ఆవిడ ఆన్‌లైనులో పాఠాలు చెప్పడానికి ఒక పెన్ టాబ్లెట్ కొన్నది. ఆవిడ లెక్కల టీచరు. బడులు తెరిచాక ఆ పలక బీరువా పైకి చేరింది. ఒక ఆదివారం దుమ్ము దులిపి నా డెస్క్‌టాప్‌కి తగిలించాను. లెక్కలు పట్టుకుపోయిన పీరియడును ఒక లెక్కల టీచరే తిరిగి ఇచ్చింది అని ఇంట్లో అంటూ ఉంటాను. ఆవిడ నవ్వదు.

ఈ ఐదేళ్లలో తప్పులు చేసి నేర్చుకున్నదే ఈ రోజు చెబుతాను. మీలో రిటైరైన వాళ్లున్నారు, పిల్లలు బొమ్మలు వేస్తామంటున్న వాళ్లున్నారు. ఇంట్లో పాత కంప్యూటరు ఒకటి ఉంటే చాలు.

కంప్యూటరు మీద బొమ్మ వేయడానికి స్థూలంగా మూడు పద్ధతులు. మొదటిది గళ్ల పద్ధతి. గ్రాఫు కాగితంలో చిన్న గళ్లు ఉంటాయి కదా, ఒక్కో గడిలో ఒక్కో రంగు నింపుకుంటూ పోతే దూరం నుంచి బొమ్మ కనిపిస్తుంది. ఆ గడినే పిక్సెల్ అంటాం. ఎ4 కాగితానికి అంగుళానికి 300 గళ్ల చొప్పున లెక్కేస్తే అడ్డంగా 2480, నిలువుగా 3508, మొత్తం 87 లక్షల గళ్లు. మీరు కుంచె కదిపినప్పుడల్లా కంప్యూటరు వాటిలో కొన్నిటి రంగు మారుస్తుంది. నీటిరంగులు, బొగ్గు, పెన్సిలు నీడలు, మనిషి ముఖం, ఇలాంటివన్నీ ఈ పద్ధతిలో బాగుంటాయి. విండోస్‌తో వచ్చే పెయింట్ ఈ జాతిదే. క్రిటా, జింప్ అనేవి దీనికి పెద్దన్నలు. ఇబ్బంది ఒక్కటే. చిన్న కాగితం మీద వేసి తరవాత పెద్దది చేస్తే గళ్లు బయటపడతాయి. కాబట్టి ఎంత సైజులో అచ్చు వేయాలో ముందే అనుకుని అంత కాగితం తీసుకోవాలి.

రెండోది ముగ్గు పద్ధతి. నేను పెట్టుకున్న పేరు ఇది, పుస్తకాల్లో వెక్టర్ అంటారు. మా నాయనమ్మ ధనుర్మాసంలో మెలికల ముగ్గు వేసేది. ముందు చుక్కలు పెట్టేది, తరవాత ఆ చుక్కల చుట్టూ గీత తిప్పేది. చుక్కలెన్నో, మెలిక ఎటో తెలిస్తే అదే ముగ్గును గడప ముందు జానెడు వేయొచ్చు, గుడి ముందు పది గజాలు వేయొచ్చు. అందం చెడదు. ఇంక్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేరు చేసేది ఇదే. మీరు మౌసుతో చుక్కలు పెడతారు, ఒక్కో చుక్క దగ్గర రెండు చేతులు లాంటివి బయటికొస్తాయి, వాటిని లాగితే గీత వంగుతుంది. కంప్యూటరు బొమ్మను దాచుకోదు, చుక్కలనూ వంపులనూ దాచుకుంటుంది. అందుకే పోస్టరు సైజుకు పెంచినా అంచు పదునుగానే ఉంటుంది. లోగోలు, బ్యానర్లు, అక్షరాలు దీనితోనే చేయాలి.

ఈ వంపుల వెనక మా ఇంజనీర్ల చెయ్యి ఉందని కాస్త గర్వంగా చెప్పుకుంటాను. వీటిని బెజియే వంపులంటారు. పియర్ బెజియే ఫ్రాన్సులో రెనో కార్ల కంపెనీ ఇంజనీరు. కారు బాడీ వంపులను యంత్రానికి అర్థమయ్యేలా చెప్పడానికి 1960ల్లో వీటిని వాడుకలోకి తెచ్చారు. సిట్రోయెన్ కంపెనీలో పాల్ ద కాస్టెల్జో అంతకు కొంచెం ముందే ఇదే గణితం కనుక్కున్నారు. కానీ ఆ కంపెనీ దాన్ని బయటపెట్టలేదు, దాంతో పేరు బెజియేకి దక్కింది. కారు కోసం పుట్టిన వంపే ఇప్పుడు మన తెలుగు అక్షరాల్లోనూ ఉంది. బాపు గారి చేతిరాత ఫాంటుగా మారి శుభలేఖల మీదికి వచ్చిందంటే, అందులో ప్రతి అక్షరమూ ఇలాంటి చుక్కలూ వంపులే.

మూడోది కొలతల పద్ధతి. అంటే క్యాడ్. ఇక్కడ గీత అందంగా ఉందా లేదా అని ఎవరూ అడగరు, ఎన్ని అడుగులు అని అడుగుతారు. ఇంటి ప్లాను, గేటు డిజైను, బీరువా అరలు వేసుకోవడానికి లిబ్రెక్యాడ్ ఉచితంగా దొరుకుతుంది. వస్తువును అన్నివైపుల నుంచీ చూడాలంటే ఫ్రీక్యాడ్ ఉంది.

వీటికి తోడు బ్లెండర్ అని ఒకటుంది. త్రీడీ బొమ్మలతో పాటు అందులో పెన్నుతో గీసి కదిలించే సౌకర్యం కూడా ఉంది. లాట్వియా దర్శకుడొకరు తీసిన 'ఫ్లో' అనే చిత్రం బ్లెండర్‌తోనే తయారై 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకుంది. నేను పేర్లు చెప్పినవాటిలో పెయింట్, ఆటోక్యాడ్ తప్ప మిగతావన్నీ ఎవరైనా డబ్బు కట్టకుండా దింపుకుని వాడుకోగలిగేవే. దొంగ కాపీలు వేసుకుని వైరస్‌లు తెచ్చుకోనక్కర్లేదు.

ఇక చేతిలోకి ఏం తీసుకోవాలి? మౌసుతో బొమ్మ వేయడం అంటే తడి సబ్బుబిళ్ల పట్టుకుని సంతకం చేయడం లాంటిది. మౌసు ఎటు కదిలిందో చెబుతుంది గానీ ఎంత గట్టిగా నొక్కారో చెప్పలేదు. అయితే ముగ్గు పద్ధతికీ, కొలతల పద్ధతికీ మౌసు చాలు, పైగా అదే మేలు. చేత్తో గీసినట్టు గీయాలంటేనే పెన్ టాబ్లెట్ కావాలి.

కంప్యూటరు మీద పెన్నుతో గీయాలన్నది కొత్త ఆలోచనేం కాదు. 1963లోనే అమెరికాలో ఐవన్ సదర్లండ్ అనే విద్యార్థి ఎంఐటీలో తన డాక్టరేటు కోసం స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాం రాశాడు. తెరకు కాంతి పెన్ను ఆనించి గీతలు గీశాడు. అప్పటికి మౌసు కూడా ఇంకా రాలేదు. ఆనాడు గదంత యంత్రం మీద జరిగిన పని ఈనాడు మీ ఇంట్లో మూల బల్ల మీద జరుగుతుంది.

పెన్ టాబ్లెట్ అంటే మన పలకే. మందంగా ఉండదు, తెర ఉండదు. దానితో వచ్చే పెన్నులో చాలావాటికి బ్యాటరీ కూడా ఉండదు. మరి ఎలా పనిచేస్తుందని మా అమ్మాయి అడిగింది. పలక కింద తీగచుట్టల వల ఉంటుంది. అది అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. పెన్నులోని చిన్న తీగచుట్ట దాన్నుంచే శక్తి తీసుకుని తిరిగి జవాబిస్తుంది. ఆ జవాబు ఎక్కడ బలంగా వినిపించిందో చూసి పెన్ను ఎక్కడుందో పలక తెలుసుకుంటుంది. మీరు గట్టిగా నొక్కితే జవాబు స్వరం కొద్దిగా మారుతుంది, దాన్నిబట్టి గీత లావవుతుంది. మామూలు పలకలే నొక్కుడులో రెండువేల పైచిలుకు తేడాలు గుర్తుపడతాయి.  తెర మీదే గీసేవి కూడా ఉన్నాయి, వాటి ధర ఎన్నో రెట్లు ఎక్కువ. ముందే వాటి జోలికి పోవద్దు.

కొన్న మొదటి రోజే చాలామంది దాన్ని తిరిగి పెట్టెలో పెట్టేస్తారు. చెయ్యి ఒకచోట, చూపు ఒకచోట ఉంటుంది కాబట్టి. సైకిలు నేర్చుకున్నట్టే ఇదీ. రోజుకు ఇరవై నిమిషాలు, రెండు వారాలు ఓపిక పడితే చెయ్యి దానంతటదే సర్దుకుంటుంది. నా మొదటి గొడవ వేరు. నేను సున్నా చుడితే తెర మీద గుడ్డు వచ్చేది. నా చెయ్యి పాడైపోయిందనుకుని దిగులుపడ్డాను. తీరా చూస్తే తప్పు చేతిది కాదు. పలక పొడవు వెడల్పుల నిష్పత్తి ఒకటి, తెర నిష్పత్తి ఇంకొకటి. టాబ్లెట్ సెట్టింగుల్లో ఆ నిష్పత్తిని సమానం చేసే గుర్తు ఒకటి ఉంటుంది. అది పెట్టగానే గుడ్డు సున్నా అయింది. మీకూ గుడ్డు వస్తే మీ చేతిని తిట్టుకోకండి.

పలక కొనే వీలు లేనివాళ్లకు ఇంకో దారి ఉంది. కాగితం మీద పెన్సిలుతోనే గీయండి. పగటి వెలుగులో ఫోనుతో తిన్నగా ఫోటో తీయండి. దాన్ని కంప్యూటరులో తెరిచి కాస్త పలచన చేసి, దాని మీద కొత్త లేయరు వేసి, మౌసుతో చుక్కలు పెట్టుకుంటూ ఇంకు చేయండి. లేయరు అంటే ట్రేసింగు పేపరే. ఎన్ని కావాలంటే అన్ని పరుచుకోవచ్చు. ఒక దాని మీద గీతలు, ఇంకో దాని మీద రంగులు, మరో దాని మీద నీడలు. నీడ నచ్చకపోతే ఆ ఒక్క కాగితమే తీసి పారేయొచ్చు, కింద బొమ్మ చెక్కుచెదరదు.

అద్దం సంగతి కూడా చెప్పాలి. బొమ్మ అయ్యాక దాన్ని అద్దంలో చూడమనేవారు మాస్టారు. తిరగబడిన బొమ్మలో తప్పులు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. నా చొక్కా జేబులో చిన్న అద్దం ఉంటే మా అమ్మ షోకులని అపార్థం చేసుకుంది. ఇప్పుడు క్రిటాలో ఎమ్ అనే అక్షరం నొక్కితే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరుగుతుంది. మళ్లీ నొక్కితే మామూలవుతుంది. కన్ను మోసపోయిన చోట అద్దం చెబుతుందన్న సూత్రం మాస్టారు చెప్పిందే.

కంట్రోల్ జెడ్ గురించి ఒక హెచ్చరిక. వేసిన గీతను వెనక్కి తీసుకునే మీట అది. మొదట్లో నేను ప్రతి గీతనూ పదిసార్లు వేసి పదిసార్లు తీసేసేవాణ్ని. గంట గడిచేది, ముక్కు కూడా పూర్తయ్యేది కాదు. ఇప్పుడు వారానికో రోజు ఆ మీట ముట్టుకోకుండా గీస్తాను. తప్పు పడితే పడనిస్తాను, పక్కనే ఇంకో గీత వేస్తాను. చెయ్యి బాగుపడింది ఆ రోజుల వల్లే.

ఇంకో రెండు దెబ్బలు తిని నేర్చుకున్నవి. ఒకటి, డెస్క్‌టాప్‌కి కరెంటు పోతే బొమ్మా పోతుంది. మూడు గంటల పని ఒక్క క్షణంలో పోగొట్టుకున్నాను. యూపీఎస్ పెట్టుకోండి, పది నిమిషాలకోసారి సేవ్ చేయండి. ఆ సాఫ్ట్‌వేరు సొంత ఫార్మాట్‌లోనే దాచుకోండి, లేయర్లు బతికుంటాయి. ఎవరికైనా పంపడానికి మాత్రం పీఎన్‌జీ తీయండి. రెండు, తెర రంగు వేరు, అచ్చు రంగు వేరు. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, ప్రెస్సు సిరాతో చూపిస్తుంది. ఈ సభ ఆహ్వాన పత్రిక మీద మన పాత బడి బొమ్మ మీరు చూశారు. పెంకులు వెలవెలబోయాయి కదా? ప్రెస్సు వారి తప్పు కాదు, తెర మీద మెరిసే ఎరుపు చూసి మురిసిపోయిన నాది. ముందు ఒక్క కాపీ ప్రింటు తీసి చూసుకుని ఉంటే సరిపోయేది.

ఆ బొమ్మ కథ చెప్పి ముగిస్తాను. గంట కొట్టకండి, ఇంకా టైముంది.

మన పాత పెంకుల బడి ఇప్పుడు లేదు. కూల్చి ఇరవై ఏళ్లు దాటింది. స్వర్ణోత్సవానికి దాని ఫోటో కావాలన్నారు. ఎవరి దగ్గరా లేదు. అందరి దగ్గరా ఉన్నది ఒకే రకం ఫోటో: తరగతి గ్రూపు ఫోటో. అందులో మనం ఉన్నాం, వెనక బడి ఓ ముక్క ఉంది. అప్పట్లో కెమెరా మనుషుల కోసం, బడి కోసం కాదు.

అందుకని బడిని గీద్దామనుకున్నాను. మొదటి ప్రశ్న: వరండాకి స్తంభాలెన్ని? వాట్సాప్ గ్రూపులో అడిగాను. ఎనిమిదన్నారు కొందరు, తొమ్మిదన్నారు కొందరు, పన్నెండన్నాడు ఒకాయన. మూడు రోజులు గొడవ జరిగింది. చివరికి మా తరవాతి బ్యాచ్ చెల్లెలొకామె తేల్చింది. ప్రార్థనప్పుడు ఒక్కో సెక్షనూ ఒక్కో స్తంభానికి ఎదురుగా నిలబడేది. ఆరు నుంచి తొమ్మిది వరకు రెండేసి సెక్షన్లు, అంటే ఎనిమిది. పదో తరగతికి ఒకటే సెక్షను, అది తొమ్మిది. ఎవరూ నిలబడని స్తంభం ఇంకొకటి ఉంది, దానికి రైలు పట్టా ముక్క వేలాడేది. అదే మన గంట. మొత్తం పది. ఆమె ఆ మాట రాయగానే గ్రూపులో ఎవరూ మారు మాట్లాడలేదు. అందరికీ తాము నిలబడ్డ చోటు గుర్తొచ్చింది.

కొలతలెలా? గ్రూపు ఫోటోలో టీచర్లు కూర్చున్న పొడుగు బెంచీ ఇప్పటికీ స్టోరు రూములో ఉంది. వెళ్లి టేపు పెట్టాను, సరిగ్గా ఆరడుగులు. ఫోటోలో బెంచీతో స్తంభాల ఎడం పోల్చాను. బెంచీ కెమెరాకి దగ్గరగా ఉంది కాబట్టి అది ఉన్నదానికన్నా పెద్దదిగా కనిపిస్తుంది, ఆ తేడా కూడా కలిపి లెక్కేస్తే స్తంభానికీ స్తంభానికీ మధ్య సుమారు తొమ్మిదడుగులు వచ్చింది. పది స్తంభాలకు తొమ్మిది ఖాళీలు, మొత్తం ఎనభై ఒక్క అడుగులు. ముందు లిబ్రెక్యాడ్‌లో ఆ కొలతలతో ఎదురు చూపు గీశాను. తరవాత క్రిటాలో పక్కనుంచి చూస్తున్నట్టు గీశాను. దూరం వెళ్లేకొద్దీ గీతలన్నీ ఒక బిందువు దగ్గర కలిసేలా చూసే సాధనం అందులో ఉంది. రైలు పట్టాలు దూరాన కలిసినట్టు కనిపిస్తాయని ఏడో తరగతిలో మాస్టారు చెప్పిన పాఠమే అది.

మా మేనల్లుడు చూసి, "మామయ్యా, ఇంత కష్టమెందుకు, రెండు మాటలు టైపు చేస్తే ఏఐ గీసి పెడుతుందిగా" అన్నాడు. సరే కానిమ్మన్నాను. పాతకాలపు పెంకుల బడి కావాలని వాడే టైపు చేశాడు. నిమిషంలో వచ్చింది. నాకన్నా ఎంతో బాగా వేసింది. కానీ అది మన బడి కాదు. దాని గంట ఇత్తడి గంట, దాని స్తంభాలు ఏడు. ఏ స్తంభం దగ్గర ఎవరు నిలబడ్డారో దానికి ఎవరూ చెప్పలేదు. వాడు కూడా ఒప్పుకున్నాడు.

అంతా అయ్యాక ఒక్కటి మిగిలింది, గంట పక్కన వేపచెట్టు. నేను నాలుగుసార్లు వేశాను. నాలుగుసార్లూ అది ఏదో చెట్టు అయింది గానీ ఆ చెట్టు కాలేదు. మాస్టారి ఇంటికి వెళ్లాను. వాళ్లబ్బాయి గదిలో డెస్క్‌టాప్ ఉంది, పలక నా సంచీలో ఉంది. మాస్టారు ఏమీ అనుకోరన్న ధైర్యంతో, వారి అనుమతి అడిగే ఈ సంగతి చెబుతున్నాను. నాలుగేళ్లుగా ఆయనకు చెయ్యి వణుకుతోంది. సంతకం కూడా మానేశారు. పెన్సిలు చూస్తే పక్కకు తిరిగేవారట.

క్రిటాలో స్టెబిలైజర్ అని ఒక సౌకర్యం ఉంది. గీత పెన్నును వెంటనే అనుసరించదు, కాస్త వెనకగా వస్తుంది. పాతరోజుల్లో మన కాలవ గట్టు మీద మనుషులు తాడు కట్టి పడవను లాగేవారని పెద్దలు చెబుతారు. లాగేవాడి అడుగు తడబడినా పడవ తడబడదు, నింపాదిగా వెనక వస్తుంది. ఇదీ అంతే. దాన్ని బాగా పెంచి పెన్ను మాస్టారి చేతికిచ్చాను. ఆయన పలక వంక అనుమానంగా చూశారు. తరవాత కుండ గీశారు. అదే కుండ, ఒక్క గీతలో. గీత ఎక్కడా వణకలేదు.

నేను పొంగిపోయాను. మాస్టారు తెర వంక చాలాసేపు చూసి, "బాగుందిరా. కానీ ఇది ఎవరిదో. నాది కాదు. ఆ తాడు కాస్త కురచ చెయ్యి" అన్నారు. తగ్గించాను. ఇంకోటి గీశారు. ఇంకా తగ్గించమన్నారు. పూర్తిగా తీసేస్తే గీత చెదిరిపోయింది. మళ్లీ కొంచెం పెంచమన్నారు. ఇలా పావుగంట జరిగింది. చివరికి ఒకచోట ఆపమన్నారు. అక్కడ గీత నిలబడింది, వణుకు కూడా కొంచెం మిగిలింది. అప్పుడు వేపచెట్టు మొదలుపెట్టారు. ఆకుల దగ్గరకు వచ్చేసరికి ఆ వణుకు ఆకులకు సరిపోయింది. మధ్యలో ఆపి నావైపు తిరిగి, "నువ్వు వేసిన చెట్టు తిన్నగా ఉంది. అది బడివైపు కాదురా, కాలవవైపు వంగి ఉండేది. చూడలేదా రోజూ?" అన్నారు. యాభై అయిదేళ్ల వయసులో మళ్లీ తిట్లు తిన్నాను. ఆ రోజు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఈ తెర మీద కనిపిస్తున్న బొమ్మలో స్తంభాలు నావి, లెక్క మీ అందరిదీ, వేపచెట్టు మాస్టారిది.

నేనెప్పుడూ యంత్రం పని తేలిక చేయడానికేనని అనుకునేవాణ్ని. ఎంత సాయం కావాలో, ఎక్కడ వద్దో చెప్పాల్సింది మనమేనని ఆ పావుగంటలో చూశాను. రేపు మీ పిల్లలకు పలక కొనిచ్చినా అంతే. పెన్ను ఇవ్వండి, దాంతోపాటు చూడ్డానికి ఒక చెట్టు కూడా చూపించండి. చూడనిది ఏ సాఫ్ట్‌వేరూ గీయలేదు.

చివరిగా ఒక మనవి. మన బడి కంప్యూటరు గదిలో పాత డెస్క్‌టాప్‌లు ఉన్నాయి. బొమ్మలకు అవి చాలు. మా 1985 బ్యాచ్ తరఫున ఐదు పెన్ టాబ్లెట్లు బడికి ఇస్తున్నాం. ప్రధానోపాధ్యాయుల వారు దయతో శనివారం ఒక పీరియడు ఇస్తామన్నారు. మొదటి నాలుగు శనివారాలు నేను వస్తాను. తరవాత మీలో ఎవరైనా రావాలి. గొప్పగా గీయడం రానక్కర్లేదు, పిల్లల పక్కన కూర్చునే ఓపిక ఉంటే చాలు. పరీక్షలు దగ్గరపడ్డాయని ఆ పీరియడును మాత్రం దయచేసి ఎవరూ తీసుకోవద్దు. లెక్కల టీచర్లకు ఇది ప్రత్యేక మనవి, మా ఇంట్లో ఆవిడతో సహా.

భోజనాల పందిరి పక్కన రెండు కంప్యూటర్లు, రెండు పలకలు పెట్టాం. వచ్చి మీ పేరు రాయండి, లేదా మీరు నిలబడ్డ స్తంభం దగ్గర మిమ్మల్ని మీరు గీసుకోండి. సున్నా చుడితే గుడ్డు వస్తే నన్ను పిలవండి.

 మాస్టారికి పాదాభివందనాలు. సెలవు.